జెర్రిపోతు తాగని పాలు

మా మనవరాలికి బడిలో ఒక పని ఇచ్చారు. పెద్ద తెల్ల అట్ట మీద పొలం బొమ్మ గీయాలి. ఆ పొలంలో బతికే ప్రాణులన్నిటినీ అందులో పెట్టాలి. ఏది ఎవరికి ఆహారమో బాణాలతో చూపించాలి. తిరుపతిలో మా కొడుకు ఇంటి వరండాలో నేను పేపరు చూస్తూ ఉంటే, ఆ పిల్ల నా కాళ్ళ దగ్గర బోర్లా పడుకుని గీస్తూ ఉంది. వేరుశనగ చెట్టు నుంచి ఎలుకకు ఒక బాణం. ఎలుక నుంచి జెర్రిపోతుకు ఒకటి. జెర్రిపోతు నుంచి గద్దకు ఒకటి. బాగానే ఉంది. అంతలో పక్కన ఒక ఆవును గీసి, దాని పొదుగు దగ్గర మొదలుపెట్టి జెర్రిపోతు నోటి దాకా ఇంకో బాణం పొడుగ్గా లాగింది. దాని మీద "పాలు" అని రాసింది.

"అదేందమ్మా?" అన్నాను.

"జెర్రిపోతు ఆవు పాలు తాగుతుంది కదా తాతా."

"ఎవరు చెప్పినారు నీకు?"

"చిన్నవ్వ చెప్పింది. తను చిన్నప్పుడు జ్వరంతో ఉంటే తన పాలన్నీ జెర్రిపోతు తాగేసిందంట. నువ్వే కళ్ళారా చూసినావంట. మా టీచరు ఒప్పుకోకపోతే మా తాతే సాక్షి అని చెప్తా."

చిన్నవ్వ అంటే మా చెల్లెలు. పోయి ఏడాది దాటింది. ఆ కథను ఆమె బతికినంత కాలం చెప్పుకుంది. కోడళ్ళకు చెప్పింది, మనవళ్ళకు చెప్పింది, ఆసుపత్రిలో పక్క మంచం మీద పడుకున్న ఆవిడకు కూడా చెప్పింది. నవ్వుతూ, కొంచెం గొప్పగా చెప్పేది. చాలాసార్లు నేను పక్కనే ఉండేవాణ్ణి. "ఏం నా, నిజమే గదా" అని నా వైపు తిరిగేది. మా వైపు అన్నను "నా" అనే పిలుస్తారు. నేను తల ఊపేవాణ్ణి.

పేపరు మడిచి పక్కన పెట్టాను. అక్షరాలు కనపడడం లేదు.

ఐరాలకు పోయే బాటలో మాదొక చిన్న పల్లె. ఎక్కడో దూరదేశాల్లో పెద్ద యుద్ధం జరుగుతోందని పెద్దవాళ్ళు చెప్పుకునే కాలం అది. పిల్లలమైన మాకు యుద్ధమంటే కిరసనాయిలు దొరక్కపోవడం, రాసుకోను కాగితం దొరక్కపోవడం. పొద్దు గూట్లో పడకముందే మా అవ్వ సంగటి కెలికేది. రాగిపిండి ఉడికే వాసన, రోట్లో చెనక్కాయల ఊరిబిండి పచ్చడి నూరే వాసన, దొడ్లో నుంచి పేడ వాసన, మూడూ కలిసి వస్తే అది మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా చెనక్కాయలు వేయించే వాసన తగిలితే నాకు ముందు ఆకలి వేస్తుంది, వెనకనే సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గు ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా బడి ఒక పూరికొట్టం. ఆ ఏడు దానికి కొత్త అయ్యవారు వచ్చారు. కాళహస్తి మనిషి. ఇరవై మూడేళ్ళు కూడా ఉండవు. మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. "ఒక సమచ్చరం సూస్తాం. నచ్చితే ఉంచుకుంటాం" అని ఊరి పెద్దలు మొదటి రోజే ఆయనతో చెప్పేశారు. ఆయనకు తల్లి ఒక్కతే. కాళహస్తిలో ఎవరింట్లోనో వంట చేస్తూ, వాళ్ళ వంటింటి మూలనే పడుకునేదట. ఈ ఉద్యోగం నిలబడితే ఆమెను తెచ్చుకోవాలని ఆయన ఆశ. బడి వెనక ఒక చిన్న గదికి మట్టిగోడలు లేపుకున్నారు. దానికి కప్పు వేయాలి. సాయంత్రం బడి వదలగానే మేము బోదగడ్డి మోపులు నెత్తిన పెట్టుకుని తెచ్చి ఇచ్చేవాళ్ళం. ఆయన నిచ్చెన మీద కూర్చుని కట్టేవారు.

"దీపావళికి మా అమ్మ ఈ గదిలో ఉంటుంది. మీకందరికీ మురుకులు చేసి పెడుతుంది" అనేవారు.

"అయ్యోరా, మురుకులు లెక్కబెట్టి ఇస్తాదా, ఊరికే ఇస్తాదా?" అని ఒకడు అడిగితే, "నీకు మాత్రం లెక్కబెట్టే ఇస్తుంది" అనేవారు.

తొలకరి వాన పడిన మర్నాడు అయ్యవారు ఒక చెంబులో కాగితపు చీటీలు వేసుకొచ్చారు. ఒక్కో చీటీలో ఒక ప్రాణి పేరు. ఎవరికి ఏది వస్తే దాన్ని ఆ పంటకాలమంతా వాళ్ళు చూడాలి. తేనెటీగ, కప్ప, గబ్బిలం, పేడపురుగు, రామచిలుక. నాకు రామచిలుక రావాలని దేవుడికి మొక్కుకుని చెయ్యి పెట్టాను. జెర్రిపోతు వచ్చింది.

కొట్టమంతా నవ్వింది. "మీ మామ వచ్చినాడురా, కాళ్ళకు నీళ్ళియ్యి" అన్నాడు నా పక్కనున్నవాడు. నాకు ఏడుపు వచ్చింది.

రాసుకోవడానికి అయ్యవారే పుస్తకాలు కుట్టి ఇచ్చారు. రేణిగుంట రైల్వేలో ఆయన అన్న ఉండేవాడు. అక్కడ పనికిరాని పాత కాగితాలు, ఒకవైపు ఏవో పార్సెళ్ళ అచ్చు, ఇంకోవైపు ఖాళీ. ఆ ఖాళీ వైపు మాది. ప్రతి పుటలో మూడు ప్రశ్నలు రాసుకోవాలి. అది ఏం తింటుంది? దాన్ని ఎవరు తింటారు? అది పోతే ఎవరికి పస్తు?

"మూడోది అన్నిటికన్నా కష్టం. తొందరపడొద్దు. పంట ఇంటికొచ్చినాక రాయండి" అన్నారు. తర్వాత చూపుడువేలు ఎత్తి, "ఒక్కటే కట్టడి. చూసిందే రాయాల. మీ అవ్వ చెప్పిందనో, ఊళ్ళో అనుకుంటారనో రాయగూడదు. నువ్వు చూసినావా, రాయి. చూడలేదా, ఆ పుట ఖాళీగా పెట్టు. ఖాళీ పుటకు నేనేమీ అనను" అన్నారు.

మా చేను గట్టున కానుగచెట్టు కింద ఒక పుట్ట ఉండేది. అందులో జెర్రిపోతు ఉందని అందరికీ తెలుసు. చేనుకు ఆ కొసన మా ఆవు కొట్టం. మొదట్లో నాకు భయం. జెర్రిపోతు తోకతో కొడితే కొట్టినచోట కుళ్ళిపోతుందని మా అవ్వ చెప్పేది. అది నాగుపాముకు మొగుడని చెప్పేది. ఆవు వెనకకాళ్ళకు చుట్టుకుని, కదలకుండా కట్టేసి పాలు తాగుతుందని చెప్పేది. వారం రోజులు దూరంగా గట్టు మీద కూర్చున్నాను. పుట ఖాళీగా పెట్టాను. అయ్యవారు ఏమీ అనలేదు.

తర్వాత అది నాకు కనపడడం మొదలైంది. ఎండ కాస్త ఎక్కగానే బయటికి వచ్చి రాళ్ళ మీద పడుకునేది. పసుపు కలిసిన గోధుమరంగు. కళ్ళు గుండ్రంగా, పెద్దవిగా ఉండేవి. నేను కదిలితే తల ఎత్తి చూసేది, కదలకపోతే మళ్ళీ వాల్చేది. ఒకరోజు రాళ్ళ సందులో కుబుసం విడిచింది. ఇంకోరోజు నా కళ్ళ ముందు ఎలుకను పట్టింది. తలవైపు నుంచి మింగింది. చివరకు తోక ఒక్కటే నోట్లోంచి దారంలాగా వేలాడింది. కాసేపటికి అదీ పోయింది. నేను పరుగెత్తుకుని వెళ్ళి అంతా రాశాను.

అయ్యవారు ఆ పుటను బడిలో అందరికీ చదివి వినిపించారు. "తోక దారంలాగా వేలాడింది. విన్నారా? ఇది చూసినవాడు మాత్రమే రాయగలడు" అన్నారు. కుడివైపు అంచున ఎర్రపెన్సిలుతో టిక్కు పెట్టారు. నా జన్మలో నన్ను ఒకరు అంతగా మెచ్చుకోవడం అదే మొదలు. రామచిలుక వచ్చినవాడు ఆ రోజు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత మా చెల్లెలికి జ్వరం వచ్చింది. అప్పుడు దానికి మూడేళ్ళు. జ్వరం తగ్గినా మనిషి పుల్లలాగా అయిపోయింది. సంగటి పెడితే కక్కేసేది. పాలు తప్ప ఏమీ ఇవ్వొద్దని వైద్యుడు చెప్పాడు. మాకున్నది ఒకటే ఆవు. అంతకుముందు నాకు పూటకు ఒక గ్లాసు పాలు, మజ్జిగన్నం దొరికేవి. అవన్నీ ఆగిపోయాయి. పాలచెంబు దగ్గరికి పోతే మా అమ్మ, "నువ్వు మొగపిల్లోడివి, గట్టోడివి. పాపకుండనీ నాయనా" అనేది. ఆ మాటలో తప్పు లేదు. కానీ నాకు కోపం వచ్చింది. జ్వరం వచ్చినవాళ్ళకే అన్నీ అనిపించింది.

మధ్యాహ్నం ఆవును మేపి కొట్టంలో కట్టేసి రావడం నా పని. ఒకరోజు ఆకలితో ఆ ఆవు పక్కన కూర్చున్నాను. దూడ కుడుస్తోంది. ఏం తోచిందో, నేనూ దూడకు అవతలివైపు మోకాళ్ళ మీద కూర్చుని పొదుగుకు నోరు పెట్టాను. వెచ్చని పాలు. గడ్డి వాసన, ఆవు చర్మం వాసన. ఆవు ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. కాలు కూడా కదపలేదు. పైగా నా వీపు నాకింది. మొదటి రోజు అది కొంటెతనం. రెండో రోజుకు ఆకలి. మూడో రోజు నుంచి అది దొంగతనమని నాకు తెలుసు. తెలిసీ ఆపలేదు.

పాలు తగ్గాయి. "ఈ ఆవుకు ఏం పోయేకాలం వచ్చిందో, సగం సెంబు కూడా రాలేదు" అని మా అమ్మ గొణుక్కునేది. దూడే కుడిచేస్తోందని మా నాయన దాని మూతికి చిక్కం కట్టాడు. తాడుతో అల్లిన ఆ చిక్కంలోంచి అది నాలుక చాపి చాపి పొదుగు వైపు చూసేది. దానికి శిక్ష పడింది. నేను తాగుతూనే ఉన్నాను.

ఒక సాయంత్రం అందరం సంగటి దగ్గర కూర్చున్నాం. మా అమ్మ ఒడిలో చెల్లెలు పాలకు ఏడుస్తోంది. గ్లాసు అడుగున ఉన్నవి తాగేసి ఇంకా కావాలని అడుగుతోంది. మా అవ్వ నిదానంగా అంది:

"దూడకు సిక్కం కట్టినా తగ్గతా ఉండాయంటే, ఇది దూడ పని గాదురా అబ్బా. కానగసెట్టు కాడ ఉండాడే ఆయప్ప. ఆయప్ప పనేమో."

మా నాయన చేతిలో సంగటిముద్ద ఆగింది. నా వైపు తిరిగాడు.

"ఏమిరా, దినామూ దాన్ని సూసేది నువ్వే గదా. ఎప్పుడన్నా ఆవు కాడికి వచ్చినాదా?"

అందరూ నా వైపు చూశారు. మా అమ్మ చూసింది. చెల్లెలు కూడా ఏడుపు ఆపి చూసింది. "లేదు నాయనా" అంటే చాలు. కానీ ఆ తర్వాత ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. దూడ కాక, పాము కాక, ఇంకెవరు?

"వచ్చినాది నాయనా" అన్నాను.

"యాడికి?"

"కొట్టంలోకి. ఎనక కాళ్ళకు సుట్టుకొనింది. ఆవు కదల్లేదు."

"మరి సెప్పలేదేమిరా?"

"బయమేసింది."

ఒక్క మాటతో మొదలైంది. మిగతాదంతా అవ్వ చెప్పిన కథల్లోంచి తీసి అతికించాను. నన్ను ఎవరూ అనుమానించలేదు. తోక దారంలాగా వేలాడిందని రాసినవాణ్ణి కదా నేను. అయ్యవారు నాకు తెచ్చిన పేరుతోనే అబద్ధం చెల్లుబాటైంది.

మర్నాడు పొద్దున్నే మా నాయన, ఇంకా నలుగురు గడ్డపారలు, దుడ్డుకర్రలు తీసుకుని కానుగచెట్టు దగ్గరికి వెళ్ళారు. పుట్ట బొక్కల దగ్గర మిరపకాయల పొగ పెట్టారు. కళ్ళు మండి నేను దూరంగా నిలబడ్డాను. అది బయటికి వచ్చింది. ఎవరి మీదికీ రాలేదు. రోజూ పడుకునే రాళ్ళ వైపే పోయింది. అక్కడే కొట్టారు. చచ్చేదాకా చాలాసేపు పట్టింది. నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుని ఉంటే బాగుండేది.

దాని పొట్ట మధ్యలో ఉబ్బు ఉంది. "సూడండప్పా, పాలు తాగి ఎట్ల ఉబ్బిందో" అన్నారొకరు. అది ఎలుక. అలాంటి ఉబ్బును నేను ఎన్నిసార్లు చూశానో.

అయ్యవారు బడి వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చారు. వంగి పాము పొట్ట మీది ఉబ్బును తడిమి చూశారు.

"అది ఎలుకప్పా. పాము పాలు తాగలేదు. దానిది చప్పరించే నోరు కాదు. కోసి చూడండి, తెలుస్తుంది" అన్నారు మా నాయనతో.

"సచ్చిన పామును కోస్తారా ఎవురన్నా? నీకేం తెలుసు అయ్యోరా, నా కొడుకు కండ్లారా సూసినాడు."

ఆయన నా వైపు తిరిగారు. నేను గట్టు మీద కట్టేసిన దూడ దగ్గర చేరి దాని మూతి చిక్కం సవరిస్తూ ఉన్నాను.

జెర్రిపోతైనా నాగుపాముకు మొగుడే కాబట్టి ఊరికే పారేయకూడదని మా అవ్వ పట్టుబట్టింది. ఎండుకట్టెలు పేర్చారు. పాము నోట్లో రాగిపైసా పెట్టారు. అవ్వ చిన్న గిన్నెలో పాలు తెచ్చి దాని తల మీద పోసి దండం పెట్టింది. ఆ రోజు పొద్దున పిండిన పాలు అవి. ఆ జెర్రిపోతుకు మా ఆవు పాలు తగలడం అదొక్కసారే. తర్వాత నిప్పు పెట్టారు. దాంతో పాటు దాని పొట్టలోని సాక్ష్యం కూడా కాలిపోయింది.

ఇక నేను పాలు తాగడానికి వీల్లేదు. తాగితే దొరికిపోతాను. ఆపేశాను. మూడో రోజుకల్లా ఆవు చెంబు నిండుగా ఇచ్చింది. మా అమ్మ ఆ చెంబును వీధిలోకి తెచ్చి అందరికీ చూపించింది. "సూడండమ్మా, పాపిష్టిది పోయినాక ఎన్ని పాలిస్తా ఉండాదో." ఊరికి అంతకన్నా రుజువు ఏం కావాలి? ఆ నెలలో మా ఊరి చుట్టూ ఎన్ని పుట్టలు తవ్వారో లెక్కలేదు. పాలు తగ్గిన ప్రతి ఇంటివాళ్ళూ గడ్డపార తీసుకున్నారు. కనపడిన పామునల్లా కొట్టారు.

అయ్యవారు ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి చెప్పారు. పాము తిన్నది ఎలుకను, ఎలుక తినేది మీ పంటను అని చెప్పారు. కొందరు నవ్వారు. కొందరికి కోపం వచ్చింది. పసిబిడ్డల పాలు తాగే పాములను కాపాడమంటున్నాడు, మన బిడ్డలను పుట్టల కాడికి తోలుతా ఉండాడు, ఇదేం సదువు అన్నారు. వినాయకచవితి ముందర పెద్దలు బడిలో కూర్చున్నారు. అయ్యవారు నిలబడ్డారు. నన్ను పిలిచారు.

"వాణ్ణి ఏమీ బెదిరించొద్దు" అన్నారు ఆయనే ముందు. తర్వాత నా ముందు గొంతుకూర్చున్నారు. ఆయన చొక్కాకు బోదపొరకలు అంటుకుని ఉన్నాయి. గది కప్పు సగం దాకా వచ్చింది అప్పటికి.

"నాయనా, నీకు మన కట్టడి తెలుసు. నువ్వు చూసింది చెప్పు. అంతే. చూడకపోతే చూడలేదని చెప్పు. నేనేమీ అనను. మీ నాయనను కూడా ఏమీ అననీయను."

అది ఆయన తల్లి గది. అది నాకు తెలుసు. నా ఒక్క మాట మీద ఉందని కూడా తెలుసు. తొమ్మిదేళ్ళవాడికి ఏం తెలుస్తుందిలే అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. మా నాయన చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చెయ్యి బరువు కన్నా, చెంబు ఎత్తి వీధిలో చూపించిన మా అమ్మ ముఖమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"సూసినా అయ్యోరా" అన్నాను.

ఆయన నన్నే చూశారు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి. "సరే" అని లేచారు. ఇంకొక మాట అడగలేదు. గట్టిగా రెండు మాటలు అడిగి ఉంటే నేను చెప్పేసేవాణ్ణి. అది ఆయనకూ తెలుసనే నా అనుమానం. బిడ్డను నలుగురిలో దొంగను చేయడం ఇష్టంలేక ఊరుకున్నారు.

పెద్దలు ఆయనను ఊరు విడిచి పొమ్మన్నారు. పోయే ముందురోజు ఆయన అందరి పుస్తకాలూ తీసుకుని, దిద్ది, తిరిగి ఇచ్చారు. నా పుస్తకంలో అన్ని పుటలకూ టిక్కులు ఉన్నాయి. ఖాళీ పుటలకు కూడా ఉన్నాయి. చివరి పుటలో, పెద్దల ముందు చెప్పిన రోజు రాత్రి నేను రాసుకున్నది ఉంది: "జెర్రిపోతు ఆవు పాలు తాగును. నేను చూచితిని." ఆ పుటకు టిక్కు లేదు. కొట్టివేత కూడా లేదు. మూడో ప్రశ్న కింద నేనేమీ రాయలేదు. ఆయనా రాయలేదు.

ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని ఐరాల బాటలో నడిచిపోయారు. దీపావళికి ఆ గది సగం కప్పుతోనే ఉంది. వానకు గోడలు కరిగాయి.

చెనక్కాయలు ఊరే కాలానికి ఎలుకలు వచ్చాయి. ఆ ఏడు ఎట్లాగైనా వచ్చేవేమో, నాకు తెలియదు. చూసింది మాత్రమే చెప్పాలి. నేను చూసింది ఇది: చెట్టు పీకితే కింద గింజల్లేని ఖాళీ బొచ్చలు వచ్చాయి. గట్లన్నీ బొక్కలే. మా నాయన ఎలుకలు పట్టే యానాది తాతను పిలిపించాడు. ఆ తాత బొక్క ముందర పొగకుండ పెట్టి ఊదాడు, తవ్వాడు, చేతులు పెట్టి లోపలి నుంచి చెనక్కాయలు దోసిళ్ళతో తీశాడు. తీసేకొద్దీ వస్తున్నాయి. చివరకు అలిసిపోయి కూర్చుని, కానుగచెట్టు వైపు చూశాడు.

"పుట్ట యాడ పోయినాది సామీ?"

"తవ్వేసినాం" అన్నాడు మా నాయన.

"పెద్దాయన?"

మా నాయన ఖాళీ బొచ్చలను కాలితో పక్కకు నెట్టాడు. తాత చేతులు దులుపుకున్నాడు. "ఆయన తినేది తిని నాకు మిగిలిచ్చేవాడు. నేను తినేది తిని మీకు మిగిలిచ్చేవాణ్ణి. నా ఒక్కడి వల్ల యాడవుతాది సామీ ఇది" అన్నాడు.

ఆ ఏడు ఇంటికొచ్చిన పంట విత్తనాలకు కూడా చాలలేదు. ఎలుకలు వేర్లు కొరికి చెట్లు ఎండిపోవడంతో ఆవుకు మేత కూడా లేదు. సంక్రాంతి దాటాక మా నాయన ఆవునూ దూడనూ తోలుకుపోయి వాటిని మేపగలిగినవాళ్ళకు ఇచ్చేసి వచ్చాడు. ఆ రోజు సాయంత్రం చెల్లెలు గ్లాసు పట్టుకుని కొట్టం దగ్గరికి పోయి, ఖాళీ గుంజ చూసి తిరిగి వచ్చింది. "పాలేవి నా?" అని నన్నే అడిగింది. అమ్మను అడగలేదు.

అది పోతే ఎవరికి పస్తు? మూడో ప్రశ్నకు జవాబు ఆ పిల్ల చేతిలో గ్లాసు పట్టుకుని నా ముందు నిలబడింది. నేను పుస్తకం తెరవలేదు. తర్వాత ఎప్పుడో మా అమ్మ ఆ కాగితాలు పొయ్యిలో పెట్టింది.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఉద్యోగం కోసం మద్రాసు పోతూ రేణిగుంటలో రైలు మారాను. పార్సెలాఫీసు ముందర ఒకాయన బల్ల మీద వంగి రాసుకుంటున్నాడు. వీపు చూసి గుర్తుపట్టాను, మా అయ్యవారే. జుట్టు అప్పుడే నెరిసింది. కొంతసేపటికి ఒక ముసలామె గిన్నెమూట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన ముందు మెతుకులు కొన్ని తీసి గోడవార చీమలకు వేసి, తర్వాత తినడం మొదలుపెట్టారు. నాలుగడుగులు వేసి ఉంటే చాలు. నా మద్రాసు బండికి ఇంకా గంటసేపు టైముంది. నేను తువ్వాలు తలకు చుట్టుకుని ప్లాట్‌ఫారం ఆ కొసకు పోయి నిలబడ్డాను. బండి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు కాదు. ఆ సాకు కూడా లేదు.

తర్వాత చాలా ఏళ్ళకు వెతికాను. అప్పటికి ఆయన లేరు.

మా నాయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. చెల్లెలికి చెప్పాలని ఆసుపత్రికి పోయినప్పుడల్లా అనుకున్నాను. అది ఆ కథను పక్క మంచం ఆవిడకు చెబుతూ నా వైపు తిరిగి, "ఏం నా, నిజమే గదా" అంది. తల ఊపాను. ఆ చివరిసారి కూడా.

"తాతా, ఏమైంది?" అంటోంది మా మనవరాలు.

"ఆ బాణం తుడిపెయ్యమ్మా."

"ఎందుకు? నువ్వు చూడలేదా?"

"చూడలేదు. అబద్ధం చెప్పినాను."

పిల్ల లేచి కూర్చుంది. రబ్బరు తీసుకుని తుడిచింది. పెన్సిలు గట్టిగా అదిమి గీసిందేమో, తుడిచినా గీత జాడ మిగిలింది.

"మరి పాలు ఎవరు తాగినారు?"

"నేనే తాగినా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "చిన్నవ్వ పాలా?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను. అట్టను నా ఒళ్ళోకి జరిపి, పెన్సిలు నా చేతిలో పెట్టింది.

"అయితే నువ్వే రాయి తాతా. నేను చూడలేదు కదా."

ఆ మాట ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఆవు పొదుగు దగ్గర మొదలుపెట్టి ఒక బాణం గీశాను. వంకరగా వచ్చింది. దాని కొసన "నేను" అని రాశాను. రాసి, ఎందుకో కుడివైపు అంచుకు చూశాను. టిక్కు పడే చోటు తెల్లగా, ఖాళీగా ఉంది. పెన్సిలు పిల్లకు తిరిగి ఇచ్చేశాను.